ఐదో పొయ్యి

ఎక్కడ ఆగామో ఒకసారి చెప్పుకుందాం. మిల్వాకీ నగరం వాళ్ళు మా వెనక వసారా తలుపుకి పసుపు కాగితం అంటించి పోయారు. అక్టోబరు లోపల పునాది గోడ, వసారా, కప్పు బాగు చేయించకపోతే బుల్డోజరు వస్తుందని దాని సారాంశం. పొట్ట ఉబ్బిన పునాది మీద నిలబడ్డ ఇంటికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. నాకు మిగిలిన దారి ఒక్కటే, ప్రభుత్వం పూచీ ఉండే ఇంటి మరమ్మతు లోను. ఆ లోనుకి మా ఇల్లు తగునో తగదో గదిగదీ తిరిగి తేల్చే మనిషి, మిసెస్ ఒడెస్సా ప్రూయిట్, శుక్రవారం పొద్దున్నే ఉత్తరపు వైపు నుంచి వంతెన దాటి వచ్చింది. నేనుంటున్న గదులు చూసింది, అటక మీద అద్దెకుండే ఫ్లోరెక్ ముసలావిడ గదులు చూసింది, పెరటింట్లో కిందా పైనా ఉన్న రెండు కాపురాలూ చూసింది. చివరికి నేలలోకి దిగే మెట్ల దగ్గర ఆగి, "ఇక్కడేముంది?" అంది. "పాత సామాన్లండీ," అన్నాను. పోయిన వారం మీరు నన్ను అక్కడే, చేతిలో తాళంచెవితో వదిలేశారు.

అక్కడే వదిలేసి ఉంటే బాగుండేది. ఈ వారం చెప్పబోయేది గోడవైపు తిరిగి పడుకుని నాకు నేను చెప్పుకోవలసిన సంగతి.

ముందు మా వాళ్ళ గురించి ఒక మాట. ఈ దక్షిణపు వైపు మా పోలిష్ వాళ్ళ వీధుల్లో ఇళ్ళన్నీ మెడ చాచి చూస్తున్నట్టుంటాయి. ఎవరో ఒక తాత చిన్న చెక్కిల్లు కట్టుకుని, నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే దాన్ని జాకీల మీద పైకెత్తించి, కింద సగం నేలలోకి తవ్వించి, ఇటుక గోడ పెట్టించి, ఇంకో కాపురం దూర్చాడన్నమాట. పైభాగం అద్దెకిచ్చి తాను కింద ఉన్నాడు. ఇంటికి యజమాని అయ్యానన్న గర్వం ఆయనకి కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ బూట్లు మాత్రమే కనబడే గదిలో దక్కింది. తరవాత తరాల వాళ్ళు పైకొచ్చారు. అయినా వంట మాత్రం కిందే. పై వంటిల్లు చుట్టాలకి చూపించడానికి. క్యాబేజీ పులవబెట్టడం, చేపలు వేయించడం, పంది కొవ్వు కరిగించడం, వాసనొచ్చే పనులన్నీ కింద. ఆ కింది భాగాన్ని మేమెవరం ఇల్లని అనం. "కింద" అంటాం, అంతే.

దరఖాస్తులో "ఎన్ని కాపురాలు?" అన్నచోట నేను నాలుగు అని రాసింది ఆ అలవాటుతోనే. నేనొకటి, అటక మీద ఒకటి, పెరటింట్లో రెండు. జనాభా లెక్కల వాళ్ళకి మా అమ్మా నాలుగే చెప్పేది. అంతవరకూ అది అబద్ధమని నాకే తెలీదు, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను.

కానీ లోను ఆఫీసు కుర్రాడు ఫోన్లో, "మేడమ్, నాలుగు దాటితే ఈ పథకం కిందికి రాదు. బేస్‌మెంట్‌లో ఎవరూ లేరు కదా?" అని అడిగాడే, అప్పుడు నాకు తెలిసింది. తెలిసీ, "ఎవరూ లేరు. సామాన్లు," అన్నాను.

ఆ సామాను పేరు టెయోఫిల్ గోరల్. మా అమ్మ తమ్ముడు. డెబ్భై రెండేళ్ళు. ముప్పై ఆరేళ్ళుగా కింద ఉంటున్నాడు.

మా నాన్న పోయినప్పుడు నాకు పదేళ్ళు. ఆ వారంలోనే మామయ్య ఒక రేకు పెట్టెతో వచ్చి కింద దిగాడు. నది ఒడ్డున తోళ్ళ కార్ఖానాలో పని. సున్నపు తొట్టిలోంచి తోళ్ళు బయటికి లాగి వెంట్రుకలు గీకడం. ఆ వాసన మనిషిని పట్టిందంటే సబ్బుకి పోదు, స్నానానికి పోదు, ఆదివారం కోటుకీ పోదు. జీతం కవరు చింపకుండా తెచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టేవాడు. మా ఇల్లు నిలబడింది ఆ వాసన మీదే. నేను మాత్రం చిన్నప్పట్నుంచీ ముక్కు మూసుకుంటూ పెరిగాను. బళ్ళో మధ్యాహ్నం రొట్టె ఇవ్వడానికొస్తే, "ఎవరే ఆయన?" అని అడిగిన పిల్లలకి, "బొగ్గులు వేసేవాడు," అని చెప్పాను. ఇప్పుడు పళ్ళ డాక్టరు ఆఫీసులో, వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడ నన్ను జీన్ అంటారు. యుజీనియా అన్న పేరుని ఇంట్లో గేనియా చేసి పిలిచే మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ శుక్రవారం పొద్దున ఆయనతోనే, "మామయ్యా, పదకొండింటిదాకా బయటికి పో. పార్కుకి పో, సారాకొట్టుకి పో, ఎక్కడికైనా పో, ఇంట్లో మాత్రం ఉండకు," అని చెప్పాను. ఎందుకని అడగలేదు. టోపీ పెట్టుకున్నాడు.

సరే, తలుపు తీశాను.

మిసెస్ ప్రూయిట్‌ది తొందరపడే ఒళ్ళు కాదు. యాభై అయిదేళ్ళుంటాయి. నల్లావిడ, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుంది. ఒక్కో మెట్టూ ఆగి, టార్చిలైటు గోడ మీద వేసి, పునాది ఉబ్బిన చోట అరచెయ్యి పెట్టి చూసింది. "గోడ ఉబ్బినా ఫర్వాలేదు. పునాది ఉన్నచోట ఉంటే చాలు, మిగతాది బాగుచెయ్యొచ్చు," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆగి గాలి పీల్చింది.

"మిసెస్ పాసెక్, సామాన్లు క్యాబేజీ వండుకుంటున్నాయా?"

పొయ్యి మీద గిన్నె. గిన్నె కింద సన్నగా నీలి మంట. మూత మీద ఆవిరి.

"అది... నేనే. పొద్దున్న పెట్టి మర్చిపోయాను," అన్నాను.

"పైన మీకో పొయ్యి ఉంది కదా. కడిగినట్టుంది, చూశాను."

"మా వాళ్ళు ఇలాంటివి కిందే వండుతారండీ."

"ఓహో," అని టార్చి తిప్పింది. సింకు, సింకు పక్కన గ్లాసులో గడ్డం గీసుకునే బ్రష్షు, దాని పక్కన మంచం. దుప్పటి అంచులు సైన్యంలో పరిచినట్టు పరిచి ఉన్నాయి. మేకుకి ఆదివారం కోటు వేలాడుతోంది. "సామాన్లు గడ్డం కూడా గీసుకుంటాయన్నమాట," అంది. ఎగతాళిగా అన్లేదు. అలిసిపోయిన గొంతుతో అంది. ఆవిడకి నాలాంటి వాళ్ళు వారానికి ముగ్గురు తగులుతుంటారేమో.

అప్పుడు దగ్గు వినిపించింది.

మూలన పాత బొగ్గుకొట్టు ఉంది. గ్యాసొచ్చాక ఎవరూ వాడటం లేదు. దానికి తలుపు లేదు, ఒక గోనెపట్టా కట్టి ఉంటుంది. ఆ పట్టా కదిలింది. లోపలి నుంచి మామయ్య వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. భుజాల మీద బొగ్గు పొడి. డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగా వంగని మనిషి, నా పరువు కోసం బొగ్గుకొట్టులో నిలబడి ఉన్నాడు. బయట చినుకులు పడుతుంటే తిరిగొచ్చాడట, గిన్నె దించుదామని. ఇంతలో మా అడుగుల చప్పుడు వినబడింది. ఇదంతా నాకు తరవాత అర్థమైంది. అప్పుడు మాత్రం నాకొచ్చింది కోపం. దేవుడు సాక్షిగా, కోపమే వచ్చింది.

"ఈయనెవరు?" అని మిసెస్ ప్రూయిట్ నన్నడిగింది.

ఒక్క మాట చాలు. మామయ్య అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"ఎవరో... ఇంతకుముందు అద్దెకుండేవాడు. మా వాళ్ళెవరూ కాదు," అన్నాను.

మామయ్య నా మొహంలోకి చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. చిన్నప్పుడు నేను లెక్కలు తప్పుచేస్తే, తప్పని చెప్పకుండా పెన్సిలు తీసుకునేవాడు, అలా చూశాడు. తరవాత మిసెస్ ప్రూయిట్ వైపు తిరిగి, నిటారుగా నిలబడి, తన ముతక ఇంగ్లీషులో చెప్పాడు:

"అవునండీ. నేను అద్దెకుంటాను. మిసెస్ పాసెక్ గారు చాలా మంచివారు. అద్దె ఆలస్యమైనా ఏమీ అనరు." నా వైపు తిరిగి, "మీకు చెప్పకుండా లోపలికొచ్చాను మేడమ్, క్షమించండి," అన్నాడు.

నన్ను "మేడమ్" అన్నాడు. చర్చి మెట్లెక్కేటప్పుడు నన్ను భుజం మీద మోసిన మనిషి. అబద్ధమాడింది నేను, దాన్ని మోసింది ఆయన. నేను "ఇంతకుముందు" అన్నాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, నాకు సాయంచేస్తున్నాననుకుని "ఉంటాను" అన్నాడు.

మిసెస్ ప్రూయిట్ అట్టమీది కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసుకుంది. పొయ్యి దగ్గరికెళ్ళి మంట ఆపింది. "మాడిపోతుంది," అంది మామయ్యతో. ఆయన, "థాంక్యూ మేడమ్," అన్నాడు.

పైకొచ్చి నా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. కాఫీ పోశాను.

"నేను తలుపులు లెక్కపెట్టను మిసెస్ పాసెక్, పొయ్యిలు లెక్కపెడతాను," అంది. "పొయ్యి, సింకు, మంచం. మూడూ ఉండి అందులో పరాయి మనిషి ఉంటే అదొక కాపురం. మీవి ఐదు. ఈ లోను నాలుగుతో ఆగిపోతుంది. మీ గోడ నాకు సమ్మతమే. కప్పు, వసారా, అన్నీ అంచనా వేసి ఇస్తాను. కానీ ఐదో పొయ్యికి నేనేం చెయ్యలేను."

వేరు కుంపటంటే వేరు కాపురమని లోకంలో ఎక్కడైనా ఒకటే న్యాయంలా ఉంది.

"దారేం లేదా?"

"ఉంది. ఆ బీరువా వెనకేముంది?" పెన్సిలుతో నా పింగాణీ గిన్నెల బీరువా చూపించింది. "కింద నుంచి చూస్తే లోపలి మెట్లు కనబడ్డాయి. పైకొచ్చి మీ వంటింటి గోడలో కలిశాయి."

"తలుపు," అన్నాను.

"ఎందుకు మూసేశారు?"

నిజం చెప్పలేదు. మీకు చెబుతాను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు మొదటిసారి భోజనానికొచ్చినప్పుడు, ఆ తలుపు సందులోంచి తోళ్ళ వాసన వస్తోందని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. మర్నాడే నేను బీరువా జరిపించాను. జరపడానికి సాయంపట్టింది మామయ్యే. నా కాపురం పదేళ్ళు కూడా నిలవలేదు, మా ఆయన రేమండ్ వెళ్ళిపోయాడు, అత్తగారు పోయింది, కార్ఖానా మూతబడింది. బీరువా మాత్రం అక్కడే ఉండిపోయింది.

"చలిగాలి వస్తుందని," అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూస్తూ కాఫీ తాగింది. "ఆ తలుపు తెరిచి, కింద ఉన్నాయన మీ ఇంటి మనిషే అయితే, పైనా కిందా కలిపి ఒకటే ఇల్లు. అప్పుడు నాలుగు. చాలా ఇళ్ళకి అలా రాశాను, అందులో తప్పేంలేదు. కానీ ఆయన మీవాడు కాదన్నారు. ఆయనా అద్దెకుంటానన్నాడు. అద్దె మనిషనే ఇద్దరూ చెప్పారు." లేచి కోటు వేసుకుంది. "మంగళవారం తొమ్మిదింటికి మళ్ళీ వస్తాను, వసారా కొలతలకి. అప్పటిదాకా ఈ అంకె పెన్సిలుతోనే ఉంటుంది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆయన మా మామయ్యండీ," అని ఉంటే అక్కడితో అయిపోయేది. అలా అంటే పావుగంట కింద నేనేం చేశానో ఆవిడకి తెలిసిపోతుంది. ఇల్లు పోతుందన్న భయం కన్నా ఆ సిగ్గే పెద్దదైపోయింది. అంత తక్కువ మనిషిని నేను.

ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. శుక్రవారం మాంసం ముట్టం కాబట్టి మా వీధిలో ఆ సాయంత్రమంటే చేపల వేపుడు. చర్చి హాల్లో వరసలో నిలబడి కాడ్ చేప, బంగాళాదుంప అట్లు, రై రొట్టె రెండు పొట్లాలు కట్టించుకున్నాను. ఒకటి తీసుకెళ్ళి కింది తలుపు బయట మెట్టు మీద పెట్టి, తలుపు తట్టి, మెట్లెక్కి పారిపోయాను. నలభై ఆరేళ్ళ ఆడదాన్ని. తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ తరవాత మెల్లగా మూసుకున్న చప్పుడు విన్నాను.

శనివారమంతా కింద సుత్తి చప్పుడు. ఏదో బాగుచేసుకుంటున్నాడనుకున్నాను. వెళ్ళి చూద్దామంటే ముఖం చెల్లలేదు. ఆదివారం పూజలో ఫాదరు యేసు శిష్యుడు పేతురు గురించి చెప్పాడు, నిప్పు చుట్టూ చలి కాగుతూ, ఆ మనిషిని నేనెరగను అన్న పేతురు గురించి. పక్క వరసలో ఫ్లోరెక్ ముసలావిడ నా వైపు చూసింది. చూడలేదేమో. నాకలా అనిపించింది. ఆ రోజు మామయ్య ఎప్పుడూ కూచునే స్తంభం పక్కన లేడు. ఉదయం పూజకి వచ్చి వెళ్ళి ఉంటాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

సోమవారం నాలుగింటికి పని నుంచి వస్తూనే కోటు కూడా విప్పకుండా బీరువాలో గిన్నెలన్నీ తీసి నేలమీద పేర్చాను. బీరువాకి వీపు ఆనించి తోశాను. నేల మీద పరిచిన లినోలియం చిరిగింది. చిరగనీ. తలుపు బిగుసుకుపోయి ఉంటే వెన్న రాసే కత్తితో రంగు గీకి లాగాను. దిగుతూ చెప్పవలసిన మాటలు మనసులో వరసగా పెట్టుకున్నాను. మామయ్యా, నాది తప్పు. మామయ్యా, పైకి రా, కాఫీ తాగు. రేపు ఆవిడొచ్చినప్పుడు నా పక్కన కూర్చో.

కింద ఏమీ లేదు.

పొయ్యి లేదు. గ్యాసు గొట్టానికి మూత బిగించి, చుట్టూ పద్ధతిగా తెల్లటి పూత పెట్టి ఉంది. సింకు లేదు. నీటి గొట్టాలకీ మూతలే. మంచం లేదు, మేకు లేదు, మేకు ఉన్న చిల్లు కూడా పూడ్చేసి ఉంది. గోడలకి సున్నం కొట్టి ఉంది, బొగ్గుకొట్టుతో సహా. గది మధ్యలో మా అమ్మ పాత ఊరగాయ జాడీలు, క్రిస్మసు చెట్టు పెట్టె, నా చిన్నప్పటి మంచు మీద జారే స్లెడ్జి బండి, అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. సామాన్ల గది అన్నాను కదా. నా మాట నిజం చేసిపెట్టాడు.

పెరటి సందులోకి పరిగెత్తాను. పెరటింటి కింది వాటాలో ఉండే సొకోర్రో బట్టలు ఆరేస్తోంది. ఆమె మెట్ల పక్కన మా పొయ్యి ఉంది, తుడిచి మెరిపించి.

"ఇదెక్కడిది?"

"మీ మామయ్య ఇచ్చాడమ్మా. మా ఆయన పట్టి పైకి తెచ్చాడు. వద్దన్నా వినలేదు, నాకిక పనికిరాదన్నాడు," అంది. నా మొహం చూసి బట్టల క్లిప్పు చేతిలోనే ఆపింది. "ఏమ్మా, మీకు తెలీదా? పెట్టె పట్టుకుని నిన్న తెల్లారగానే బస్సెక్కాడు. మీరే ఎక్కడికో పంపిస్తున్నారనుకున్నాం."

"నీకెలా తెలుసు మామయ్యని?"

"ఏం తెలుసని?"

"ఆయన నా మామయ్యని."

సొకోర్రోకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "తెలియకపోవడమేంటి? రోజూ చెప్తాడుగా. మా గేనియా డాక్టరు దగ్గర పనిచేస్తుంది, మా గేనియా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నా పిల్లలక్కూడా తెలుసు."

ఊరందరికీ తెలిసిందే. ముప్పై ఆరేళ్ళు నేను దాచిన గుట్టు, ఆరేసే తీగ మీద బట్టలా అందరి కళ్ళముందే ఉంది. దాచుకుని సిగ్గుపడ్డది నేనొక్కదాన్నే. ఆ వాసన గురించి అడిగితే సొకోర్రో, "మా నాన్నా తోళ్ళ పనివాడే," అని చెప్పేదేమో. ఎన్నడూ అడిగితే కదా.

బస్సు మలుపు దాకా వెళ్ళాను. మూతబడ్డ కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన కూర్చునే సారాకొట్టులో అడిగితే, "టెయో అసలు ఈ వారం రాలేదే, ఒంట్లో బాగాలేదా?" అని వాళ్ళే నన్నడిగారు.

మంగళవారం తొమ్మిదింటికి మిసెస్ ప్రూయిట్ వచ్చింది. ముందు వసారా కొలిచింది. తరవాత కిందికి దిగింది. ఈసారి వంటింట్లో తెరిచి ఉన్న తలుపులోంచి, లోపలి మెట్ల మీంచే దిగింది. సున్నపు గోడలు చూసింది. మూత బిగించిన గొట్టాన్ని వేలితో తాకింది. "ఎవరు చేశారోగానీ పనివాడు," అంది. పైకొచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"పొయ్యి లేదు, సింకు లేదు, మంచం లేదు. ఇప్పుడు నాలుగే. మీ ఇల్లు లోనుకి తగుతుంది మిసెస్ పాసెక్."

ఈ మాట కోసం మూడు నెలలుగా కొవ్వొత్తులు వెలిగించాను. ఇప్పుడది వింటుంటే తల కొట్టేసినట్టయింది. ఆవిడ పెన్సిలు పక్కన పెట్టి సిరాకలం తీసింది. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు వచ్చిన విద్యే.

"ఆగండి," అన్నాను. "ఆ రోజు మీరు చూసినాయన మా అమ్మ తమ్ముడు. నన్ను పెంచినవాడు. మీకు అబద్ధం చెప్పాను. ఆయన చేత కూడా చెప్పించాను."

"తెలుసు."

"తెలుసా?"

"మీ ఇద్దరి చెవులూ ఒకటే," అంది. "ఆయన ఆ పట్టా వెనక నుంచి రాగానే చూశాను. మీరే చెప్తారేమోనని పెన్సిలుతో రాశాను. చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది." ఆవిడ నవ్వలేదు. జాలిగానూ చూడలేదు. అందుకు ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాను. "ఇప్పుడు రెండు రకాలుగా రాయొచ్చు. కింద ఖాళీ, సామాన్ల గది అని రాస్తే నాలుగు. కింద పెద్దాయన ఉంటారు, మీ ఇంటి మనిషి, లోపలి మెట్లున్నాయి, వంట ఒక్కటే అని రాస్తే అప్పుడూ నాలుగే. కానీ ఖాళీ అని రాశాక ఆయన తిరిగొచ్చి కింద పడుకుంటే, మీరు ప్రభుత్వం కాగితం మీద రెండోసారి అబద్ధమాడినట్టు. ఉంటారని రాయాలంటే మనిషి ఉండాలి. నేను కళ్ళతో చూడని మనిషిని రాయను. సాయంత్రం అయిదింటికి ఇది పంపాలి. ఏది రాయమంటారు?"

"ఉంటారని రాయండి."

"ఆయనేరీ?"

కిటికీ వంక చూశాను. అప్పుడు గోడ మీది ఫోను మోగింది.

అటువైపు పెద్దవయసు ఆడగొంతు. సిస్టర్ ఆగ్నెల్లా అంది. నదికి ఆవల సన్యాసినులు నడిపే వృద్ధుల ఆశ్రమం నుంచి. "టెయోఫిల్ గోరల్ అనే ఆయన మీకేమైనా తెలుసా అమ్మా?"

"తెలుసు," అన్నాను. అరిచాననుకుంటాను, మిసెస్ ప్రూయిట్ తలెత్తి చూసింది. "మా మామయ్య. మా అమ్మ సొంత తమ్ముడు. బాగున్నాడా సిస్టర్?"

"బాగానే ఉన్నారు. పొద్దున్న గంజి తాగారు. మా గేటు మడతబందు బిగుసుకుపోతే బాగుచేశారు కూడా. సంగతేమిటంటే, ఇక్కడ ఉన్న కాసిని మంచాలూ వెనకాముందూ ఎవరూ లేనివాళ్ళకే ఇస్తాం. అయినవాళ్ళెవరూ లేరని ఆయన ఆదివారమే చెప్పారు, ఈ పూట సంతకం పెట్టాలి. కానీ ఆయన ప్రార్థన పుస్తకంలో తెల్లగౌనులో చిన్నపిల్ల ఫోటో ఉంది. వెనకాల ఈ నంబరు రాసి ఉంది. మనసొప్పక చేశాను."

"ఆయన్ని ఒక్కసారి ఫోను దగ్గరికి పిలవండి. గేనియా అని చెప్పండి. గేనియా పిలుస్తోందని చెప్పండి."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. దూరంగా అడుగులు. ఎక్కడో తలుపు. నేను ఫోను తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. మిసెస్ ప్రూయిట్ సిరాకలానికి మూతపెట్టి, మళ్ళీ పెన్సిలు చేతిలోకి తీసుకుని ఎదురుచూస్తోంది. అడుగులు తిరిగొచ్చాయి, ఒక్క మనిషివే.

"అమ్మా, అడిగాను," అంది సిస్టర్. "ఆ పేరుగలవాళ్ళెవరూ తనకి తెలియరన్నారు. మిమ్మల్ని అనవసరంగా ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని, టోపీ తీసి మరీ, చెప్పమన్నారు."